జీవో రాకముందే అడగాల్సిన ప్రశ్న

(పథకాల ప్రభావ మదింపుపై వివిధ శాఖల అధికారులకు హైదరాబాద్‌లో జరిగిన శిక్షణ తరగతిలో మొదటి రోజు ఉదయం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకి వినపడుతోందా? ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఇటు వచ్చేయండి.

నేరుగా విషయంలోకి వస్తాను. మీ శాఖ వార్షిక నివేదిక ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అందులో ఏముంటుంది? ఇన్ని కోట్లు కేటాయించాం, ఇన్ని కోట్లు ఖర్చు పెట్టాం, ఇంతమంది లబ్ధిదారులకి అందించాం, టార్గెట్‌లో ఇంత శాతం పూర్తి చేశాం. రివ్యూ మీటింగ్‌లో అడిగేదీ అదే, వీడియో కాన్ఫరెన్స్‌లో అడిగేదీ అదే. యూసీ, అంటే ఖర్చు వినియోగ ధ్రువపత్రం, పంపారా? గ్రౌండింగ్ అయిందా, అంటే క్షేత్రంలో పని మొదలైందా? పెండింగ్ ఎంత? ఇవన్నీ అవసరమే. డబ్బు ఎటు పోయిందో తెలియకపోతే ఇక మిగతా దేని గురించీ మాట్లాడలేం. కానీ ఈ లెక్కలన్నీ మనం చేసిన పని గురించి చెబుతాయి. దానివల్ల జనం బతుకుల్లో ఏం మారిందో చెప్పవు.

అది తెలియాలంటే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ పథకం లేకపోతే ఏమయ్యేది?

వినడానికి చిన్న ప్రశ్నలా ఉంది కదా? జలుబుకి మందేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మన పెద్దవాళ్లు అంటారు. ఎనిమిదో రోజు జలుబు తగ్గింది కాబట్టి మందు పనిచేసిందని రాసేస్తే సరిపోతుందా? మన నివేదికల్లో చాలావరకు రాసేది ఇలాగే. పథకం పెట్టకముందు ఇంత, పెట్టాక ఇంత, పెరిగింది, కాబట్టి పథకం ఫలించింది. మధ్యలో వర్షాలు బాగా పడి ఉండొచ్చు. ధరలు మారి ఉండొచ్చు. పథకం లేని పక్క జిల్లాలో కూడా అంతే పెరిగి ఉండొచ్చు. అది చూశామా?

ఒక ఉదాహరణ చెబుతాను. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోమని డబ్బులిచ్చారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య పెరిగింది. ఆ ఒక్క అంకె చూసి చప్పట్లు కొట్టొచ్చు. కానీ ఆ రోజుల్లో బీహార్‌లో రోడ్లు పడుతున్నాయి, శాంతిభద్రతలు మెరుగుపడుతున్నాయి, ఆదాయాలు పెరుగుతున్నాయి. మరి పిల్లలు బడికి వచ్చింది సైకిల్ వల్లా, రోడ్డు వల్లా? కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని ఎలా తేల్చారో చూడండి. అదే రాష్ట్రంలో అవే మార్పులు మగపిల్లలకీ వర్తిస్తాయి, కానీ అప్పట్లో సైకిల్ డబ్బులు ఆడపిల్లలకే. కాబట్టి ముందు ఆడపిల్లల్ని మగపిల్లలతో పోల్చారు. ఆడపిల్లల చదువు ఎలాగూ పెరుగుతున్న కాలం కదా అని మీకు అనుమానం రావచ్చు. అందుకే 2000 నవంబరు దాకా బీహార్‌లోనే ఉన్న జార్ఖండ్‌తో కూడా పోల్చి చూశారు. అక్కడా ఆడపిల్లలున్నారు, మగపిల్లలున్నారు, ఈ సైకిల్ పథకం మాత్రం లేదు. అన్నీ తీసేశాక మిగిలింది సైకిల్ వల్ల వచ్చిన మార్పు. వయసుకు తగ్గట్టు హైస్కూల్లో చేరిన ఆడపిల్లలు 32 శాతం పెరిగారు, ఆడ మగ తేడా 40 శాతం తగ్గింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. హైస్కూలు ఊరికి దూరంగా ఉన్నచోటే మార్పు ఎక్కువ. అంటే పని చేసింది సైకిలే.

ఇందులో పెద్ద లెక్కలేమైనా ఉన్నాయా? ఎవరిని ఎవరితో పోల్చాలి అన్న ఆలోచనే ఉంది. ఈ మూడు రోజుల్లో మీకు నేర్పేదీ అదే. ఫార్ములాలు, సాఫ్ట్‌వేర్లు చేసిపెట్టే వాళ్లు దొరుకుతారు. ఎవరితో పోల్చాలో మీ పథకం గురించి తెలిసిన మీకే తెలుస్తుంది. బయటినుంచి వచ్చే కన్సల్టెంట్‌కి తెలియదు.

ఇంత మంచి ప్రశ్నని మనం ఎప్పుడు అడుగుతున్నాం? పథకం మొదలై మూడేళ్లయ్యాక, బడ్జెట్‌కి ముందు ఆర్థిక శాఖ అడిగితే, అప్పుడు ఏజెన్సీకి టెండర్ పిలిచి అడుగుతున్నాం. అప్పటికి పథకం అన్ని మండలాలకీ వెళ్లిపోయి ఉంటుంది. ఎవరితో పోల్చాలి? పథకం అందనివాళ్లే మిగల్లేదు. మొదలుపెట్టేనాటికి పరిస్థితి ఏమిటో ఎవరూ రాసి పెట్టలేదు. ఆ ఏజెన్సీ ఏం చేస్తుంది పాపం? వెయ్యిమంది లబ్ధిదారుల దగ్గరికి వెళ్లి, మీకు సంతృప్తిగా ఉందా అని అడిగి, 90 శాతం మంది ఉందన్నారని రాసిస్తుంది. ఆ పుస్తకం బీరువాలోకి వెళ్తుంది.

ఆ సంతృప్తి అనే సమాధానం ఎలా పుడుతుందో దగ్గర్నుంచి చూద్దాం. ఒక ఊరు. అరుగు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. ఇల్లు చూపించడానికి పక్కన పంచాయతీ కార్యదర్శి ఉన్నాడు. "అవ్వా, పింఛను వల్ల నీకు మేలు జరిగిందా?" ఆవిడ ముందు ఎవరి మొహం చూస్తుంది? ఆ కుర్రాడి మొహం కాదు, కార్యదర్శి మొహం చూస్తుంది. "ఆఁ, బానే ఉంది బిడ్డా. జర ఇంకో ఐదొందలు పెంచమని చెప్పు." ఇంకేం చెబుతుంది చెప్పండి? లేదంటే పింఛను ఆగిపోతుందేమోనని భయం. ఆ కుర్రాడు "అవును" అనే గడి మీద నొక్కి పక్కింటికి వెళ్తాడు.

అదే మనిషిని ఇలా అడిగి చూడండి. కార్యదర్శిని కాసేపు దూరంగా ఉండమని చెప్పి అడగండి. అవ్వా, పోయిన నెల బీపీ గోళీలు కొన్నావా? ఎంతయింది? ఆ డబ్బులు ఎవరిచ్చారు? కిరాణా కొట్టులో బాకీ ఎంత ఉంది? నిన్న రాత్రి ఏం కూర? ఈ నాలుగు ప్రశ్నల్లో పింఛను మాటే రాలేదు. కానీ పింఛను వచ్చే వాళ్లనీ, అన్ని విధాలా వాళ్లలాగే ఉండి ఇంకా మంజూరు కాని వాళ్లనీ ఇవే ప్రశ్నలు అడిగితే, తేడా దానంతటదే కనిపిస్తుంది. కాబట్టి మంచి సర్వేలో పథకం గురించి అభిప్రాయం అడగకూడదు, బతుకు గురించి అడగాలి. దీన్ని రాసుకోండి, రేపు ప్రశ్నావళి తయారు చేసేటప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. సోషల్ ఆడిట్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకని. ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపింది, అందులో సందేహం లేదు. మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో ఉన్న పేరు ఎవరిది, కూలి ఎవరి చేతికి వెళ్లింది అని గ్రామసభలో నిలబెట్టి అడిగిన వ్యవస్థ అది. కానీ అది చెప్పేది డబ్బు చేరిందా లేదా అని. డబ్బు చేరాక ఏమైంది అన్నది ఈ మదింపు చెబుతుంది. రెండూ కావాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు.

మన దగ్గర జరిగిన పనే

ఇదంతా విదేశాల్లో కుదురుతుంది గానీ ఇక్కడ కుదరదని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ప్రపంచమంతా పాఠంగా చెప్పుకునే అధ్యయనాలు కొన్ని మన మండలాల్లో, మన బస్తీల్లో జరిగాయి. మన అధికారులు సహకరించబట్టే జరిగాయి.

హైదరాబాద్‌తోనే మొదలుపెడతాను. 2005 ప్రాంతంలో మైక్రోఫైనాన్స్, అంటే పేదలకి చిన్న చిన్న అప్పులివ్వడం, పేదరికానికి మందు అన్నంత నమ్మకం ఉండేది. ఒక సంస్థ ఇక్కడ బస్తీల్లో శాఖలు తెరవబోతుంటే, పరిశోధకులు 104 బస్తీలు తీసుకున్నారు. డ్రా తీసి 52 బస్తీల్లో ముందు మొదలుపెట్టించారు, మిగతా 52 ఆగాయి. ఏడాదిన్నర తర్వాత రెండు రకాల బస్తీల్లోనూ ఇంటింటికీ వెళ్లి చూశారు. ఏం తేలింది? అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి కాస్త పెంచారు. కానీ సగటున ఇంటి ఖర్చు పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అప్పు ప్రాణాలు తీస్తుందని తేలలేదు, పేదరికం తీరుస్తుందనీ తేలలేదు. అప్పటిదాకా రెండు వైపులా గొంతు చించుకున్నవాళ్ల దగ్గర లేని సమాధానం బస్తీల్లో దొరికింది.

ఇంకోటి మన ప్రభుత్వ బడులది. బడికి అదనంగా గ్రాంటు ఇస్తే చదువు పెరుగుతుందా? ఆంధ్రప్రదేశ్‌లో డ్రా తీసి కొన్ని బడులకి పిల్లల తలకింత అని గ్రాంటు ఇచ్చారు. టీచర్లు ఆ డబ్బుతో నోటు పుస్తకాలు, పలకలు, చార్టులు కొన్నారు. మొదటి ఏడాది ఆ బడుల్లో పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు అంతే ఇచ్చారు, మార్కుల్లో తేడా కనిపించలేదు. ఎందుకు? ఇంట్లో ఏం జరిగిందో చూస్తేగానీ అర్థం కాలేదు. మొదటి ఏడాది గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకి ముందు తెలియదు. ఎప్పటిలాగే జూన్‌లో నోటు పుస్తకాలు కొన్నారు, బడిలోనూ ఇచ్చారు. రెండో ఏడాది ముందే తెలుసు. బడిలో ఇస్తారుగా అని కొనడం మానేశారు, ఆ డబ్బు ఇంటి అవసరాలకి వాడుకున్నారు. తప్పు పట్టగలమా? నేనైతే పట్టను. కూలి డబ్బుతో బతికే ఇంట్లో అది తెలివైన పని. కానీ మన ఫైల్లో "గ్రాంటు ఇచ్చాం, వినియోగమైంది" అని ఉంటుంది. పిల్లాడి చేతిలో పుస్తకాల సంఖ్య మాత్రం పెరగలేదు. ఇంటి గడప దాటి లోపల ఏం జరిగిందో చూడకుండా ఇది ఎవరు కనిపెడతారు?

ఇప్పుడు అన్నిటికన్నా పెద్దది, స్మార్ట్ కార్డులు. మీలో సీనియర్లకి గుర్తుండే ఉంటుంది. ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్లు వేలిముద్ర చూసి ఊళ్లోనే ఇచ్చే పద్ధతి. ఆదిలాబాద్, ఖమ్మం, నల్గొండ, కర్నూలు, కడప, అనంతపురం, నెల్లూరు, విజయనగరం, ఈ ఎనిమిది జిల్లాల్లో పాత ఏర్పాటు కుదరక మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అన్ని మండలాల్లో ఒకేసారి పెట్టడం ఎలాగూ సాధ్యం కాదు. మరి ఏ మండలం ముందు? మామూలుగా ఇది ఎలా తేలుతుందో నేను చెప్పక్కర్లేదు. ఈసారి డ్రా తీశారు. 112 మండలాల్లో ముందు, 45 మండలాల్లో చివర. ఆ 157 మండలాల్లో జనాభా దాదాపు కోటీ తొంభై లక్షలు. ప్రభుత్వం తన పథకాన్ని తన మనుషులతో అమలు చేస్తుండగా ఇంత పెద్ద ఎత్తున పోల్చి చూడటం ప్రపంచంలోనే అరుదు.

రెండేళ్ల తర్వాత చూస్తే, ముందు మొదలైన మండలాల్లో కూడా చెల్లింపుల్లో సగం దాకానే కొత్త పద్ధతికి మారాయి. బ్యాంకులతో తంటాలు, మిషన్లతో తంటాలు, అన్నీ ఉన్నాయి. అయినా కూలి డబ్బు త్వరగా చేతికొచ్చింది. తీసుకోవడానికి పట్టే సమయం ఐదోవంతు తగ్గింది. ఉపాధి హామీ నుంచి కుటుంబానికి వచ్చే సంపాదన 24 శాతం పెరిగింది. ప్రభుత్వం పెట్టిన ఖర్చు పెరగలేదు. మరి ఆ 24 శాతం ఎక్కడినుంచి వచ్చింది? మధ్యలో పోయేది పోలేదు, అంతే. లీకేజీ 41 శాతం తగ్గింది.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకొకటుంది. ఇలాంటి మార్పు వల్ల నష్టపోయేవాళ్లు కొద్దిమంది. వాళ్ల గొంతు మాత్రం మండల ఆఫీసు దాకా, జిల్లా దాకా, సెక్రటేరియట్ దాకా వినిపిస్తుంది. మిషన్ పనిచేయట్లేదు, ముసలాళ్ల వేలిముద్రలు పడట్లేదు, పాత పద్ధతే నయం అంటారు. లాభపడ్డవాళ్లు లక్షల్లో ఉంటారు, తలా కొంత లాభం, ఎవరూ దరఖాస్తు పట్టుకుని రారు. మీ టేబుల్ మీదికి వచ్చే ఫిర్యాదులు చూసి నిర్ణయం తీసుకుంటే పథకం రద్దవుతుంది. ఊళ్లలో అడిగితే లబ్ధిదారుల్లో అత్యధికులు కొత్త పద్ధతే బాగుందన్నారు. ఆ మాట మీ దాకా తెచ్చేది ఏది? ఇలాంటి కొలతే.

తెలంగాణ వచ్చాక జరిగింది కూడా చెప్పాలి. 2018లో రైతుబంధు మొదటి విడత చెక్కులు పంచారు, ఎకరానికి నాలుగు వేలు. చెక్కులు రైతుకి అందాయా అని కాల్ సెంటర్ నుంచి ఫోన్లు చేయించారు. డ్రా తీసిన కొన్ని మండలాల్లో మాత్రం అక్కడి వ్యవసాయ అధికారులకి ముందుగానే చెప్పారు, మీ రైతులకి ఫోన్లు చేసి కనుక్కుంటాం అని. అంతే, వేరే ఏమీ చేయలేదు. ఆ మండలాల్లో చెక్కు అందుకున్న రైతులు 1.5 శాతం పెరిగారు. ఇంతేనా అనుకోవచ్చు. లక్షల మంది రైతులున్న పథకంలో ఒకటిన్నర శాతం అంటే ఎంతమందో లెక్క వేయండి. ఎక్కువ మేలు భూమి తక్కువ ఉన్నవాళ్లకి, మామూలుగా చివర మిగిలిపోయేవాళ్లకి జరిగింది. దానికైన ఖర్చు ఫోన్ బిల్లు, కాల్ సెంటర్ జీతాలు. కొత్త యాప్ లేదు, కొత్త పోస్టులు లేవు.

డ్రా తీయడం అన్యాయమా?

ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది, రావాలి కూడా. జనానికి కావాల్సింది ఉంటే కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకుండా చూస్తూ కూర్చోవడం న్యాయమా అని. అందరికీ ఇప్పుడే ఇవ్వగలిగి, పనిచేస్తుందని ముందే తెలిసినదైతే డ్రా తీయకూడదు. టీకా ఆపి చూడం, రేషన్ బియ్యం ఆపి చూడం. అందులో రెండో మాట లేదు. కానీ ఈ ఏడాది బడ్జెట్ వంద మండలాలకే ఉంది, మిగతావాటికి వచ్చే ఏడాది అన్నప్పుడు, ఎలాగూ కొందరు ఆగాల్సిందే కదా? ఎవరు ఆగాలో ఎవరు చెప్పాలి? పలుకుబడి ఉన్న ఎమ్మెల్యే నియోజకవర్గం ముందు, అడిగేవాళ్లు లేని మండలం వెనక, ఇది న్యాయమా? అందరి ముందూ చీటీ తీస్తే వెనకబడ్డ మండలానికీ సమానంగా అవకాశం వస్తుంది. మెక్సికోలో 1997లో పేద తల్లులకి నగదు బదిలీ మొదలైనప్పుడు 506 ఊళ్లు తీసుకుని, 320 ఊళ్లలో ముందు ఇచ్చారు, 186 ఊళ్లకి తర్వాత ఇచ్చారు. ఫలితం అందరి ముందూ ఉండబట్టి, ప్రభుత్వాలు మారినా, పేర్లు మారినా ఆ పథకం ఇరవై ఏళ్లు నిలిచింది.

మన నగరంలో డబుల్ బెడ్‌రూం ఇళ్లకి డ్రా తీశారు, మీ అందరికీ తెలుసు. కొల్లూరులో 15,660 ఇళ్లు ఒక్కచోటే ఉన్నాయి. దరఖాస్తు చేసినవాళ్లలో పేరు వచ్చినవాళ్లు, రానివాళ్లు ఉన్నారు. వాళ్లిద్దరికీ తేడా ఏమిటి? అదృష్టం ఒక్కటే. మదింపు చేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? పదేళ్ల తర్వాత ఈ రెండు జాబితాల్లోని కుటుంబాల దగ్గరికి వెళ్తే ఇల్లు ఏం చేసిందో తెలిసిపోతుంది.

ఎందుకు తెలుసుకోవాలి, ఇల్లు వస్తే మంచిదే కదా అంటారేమో. అహ్మదాబాద్‌లో సేవా అనే స్వయం ఉపాధి మహిళల సంఘంలోని ఆడవాళ్లకి 1987లో ఇలాగే డ్రా తీసి ఇళ్లిచ్చారు. మురికివాడ నుంచి ఊరి చివర, నగరం నడిబొడ్డుకి 12 కిలోమీటర్ల దూరంలో మంచి ఇళ్లు. పద్నాలుగేళ్ల తర్వాత వెళ్లి చూస్తే, డ్రాలో పేరొచ్చినవాళ్లలో 34 శాతం అసలు అక్కడికి మారలేదు. 32 శాతం మారి, కొన్నాళ్లుండి వదిలేశారు. ఉన్నవాళ్ల ఇల్లు బాగుంది, అది నిజం. కానీ ఆదాయంలో గానీ, పిల్లల చదువులో గానీ డ్రాలో పేరు రానివాళ్లకన్నా మెరుగు లేదు. అంతకన్నా బాధ కలిగించేది, కష్టం వస్తే ఆదుకునే మనుషులు తగ్గిపోయారు. పాత బస్తీలో పక్కింటావిడ పిల్లాడిని చూసుకునేది, అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరో ఒకరు ఆటో మాట్లాడి పెట్టేవారు, చేబదులు దొరికేది. 12 కిలోమీటర్ల అవతల అవన్నీ ఎక్కడివి?

ఈ సంగతి తెలిసిన అధికారి ఏం చేస్తాడు? ఇళ్లు కట్టడం మానేయడు. బస్సు వేయిస్తాడు, అంగన్‌వాడీ ముందే తెరిపిస్తాడు, ఒకే బస్తీ నుంచి వచ్చినవాళ్లకి పక్కపక్క బ్లాకులు ఇచ్చే వీలుందేమో చూస్తాడు. హౌసింగ్ వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, మంచిది. డ్రాలో పేరు రానివాళ్ల జాబితా, వాళ్ల దరఖాస్తులు చెత్తలో పోకుండా చూడండి. గెలిచినవాళ్ల జాబితా ఎవరైనా దాస్తారు. రెండోది ఎవరూ దాయరు, కానీ విలువైంది అదే.

ఎవరు కొలవాలి, ఏది కొలవాలి

ఇంకో రెండు సంగతులు చెప్పి టీకి వదిలేస్తాను.

కొలిచేవాడికి జీతం ఎవరిస్తున్నారు? గుజరాత్‌లో ఫ్యాక్టరీల కాలుష్యం లెక్కగట్టే ఆడిటర్లకి ఫీజు ఆ ఫ్యాక్టరీలే ఇచ్చేవి. రిపోర్టుల్లో అంకెలు చాలావరకు పరిమితికి సరిగ్గా కాస్త కింద ఉండేవి. కాలుష్య నియంత్రణ మండలితో కలిసి పరిశోధకులు ఒక మార్పు చేసి చూశారు. కొన్ని ఫ్యాక్టరీలకి ఆడిటర్‌ని డ్రా ద్వారా కేటాయించారు, ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, కొన్నిచోట్ల మళ్లీ వెళ్లి సరిచూశారు. తప్పుడు రిపోర్టులు 80 శాతం తగ్గాయి. ఫ్యాక్టరీలు కాలుష్యాన్ని కూడా తగ్గించాయి. మనుషులు వాళ్లే, మిషన్లు అవే, డబ్బు వచ్చే దారి మారింది. మన పర్యావరణ ప్రభావ నివేదికలు ఇప్పటికీ ప్రాజెక్టు కట్టేవాళ్లు పెట్టుకున్న కన్సల్టెంటే రాస్తాడు. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ మదింపు తప్పనిసరి చేసింది, నష్టం ఎక్కువైతే ప్రాజెక్టు వద్దని సిఫార్సు చేసే అధికారం నిపుణుల బృందానికి ఇచ్చింది. 2014లో కేంద్రం చట్టం ముసాయిదాలు ముందే జనం ముందు పెట్టి, వాళ్ల జీవనోపాధి మీద పడే ప్రభావం చెప్పాలని విధానం తెచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. మీ జిల్లాలో అలాంటి నివేదిక వస్తే ముందు చూడాల్సింది దాన్ని ఎవరు రాశారు, వాళ్లని ఎవరు నియమించారు అని.

రెండోది, కాగితాలు పూర్తవడాన్ని పని పూర్తవడం అనుకోకండి. మధ్యప్రదేశ్‌లో బడుల నాణ్యత పెంచడానికి ఒక పెద్ద కార్యక్రమం పెట్టారు. ప్రతి బడిని అంచనా వేసి గ్రేడు ఇవ్వాలి, బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి, అధికారులు వచ్చి చూడాలి. దాదాపు అన్ని బడుల్లో అంచనాలు జరిగాయి, ప్రణాళికలు రాశారు. డ్యాష్‌బోర్డ్ చూస్తే పథకం విజయవంతం. డ్రా తీసి ఎంచిన బడుల్ని మిగతా బడులతో పోలిస్తే టీచర్ల హాజరు మారలేదు, పాఠం చెప్పే తీరు మారలేదు, పిల్లల చదువు మారలేదు. అయినా అదే నమూనా దేశమంతా ఆరు లక్షలకి పైగా బడులకి వెళ్లింది. హెడ్మాస్టర్లు ఆ ఫారాలు నింపడానికి పెట్టిన గంటలు ఆలోచించండి. పిల్లల దగ్గర కూర్చోవాల్సిన గంటలవి. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ఉదాహరణ రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌ది. అక్కడి పల్లెల్లో పసిపిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవాళ్లు నూటికి ఆరుగురే. ప్రతి నెలా తప్పకుండా క్యాంపు పెడితే 18 అయింది. క్యాంపుకొచ్చిన తల్లికి టీకా వేయించినప్పుడల్లా కిలో పప్పు, అన్నీ పూర్తయితే పళ్లేల సెట్టు ఇస్తే 39 అయింది. పప్పు ఇవ్వడం వృథా ఖర్చని ఆర్థిక శాఖ అంటుంది కదా? లెక్క వేస్తే, టీకాలన్నీ పూర్తయిన ఒక్కో బిడ్డకి అయిన ఖర్చు పప్పు ఇచ్చినచోట సగమే. నర్సు రోజంతా కూర్చోవాల్సిందే, ఐదుగురు వచ్చినా, ఇరవై మంది వచ్చినా జీతం అంతే. కొలవకపోతే ఇది ఎవరి ఊహకైనా అందేదా?

ఒకచోట పనిచేసింది అన్నిచోట్లా పనిచేయదని కూడా గుర్తుపెట్టుకోండి. కెన్యాలో కాంట్రాక్టు టీచర్లని స్వచ్ఛంద సంస్థ పెడితే చదువు పెరిగింది, అదే పని ప్రభుత్వం చేస్తే ఏమీ పెరగలేదు. కాబట్టి ఉదయ్‌పూర్ పప్పుని అలాగే తెచ్చి ఆసిఫాబాద్‌లో పెట్టమని నేను అనను. ఆసిఫాబాద్‌లో పెట్టి కొలవమంటాను.

మదింపు సంస్థలు మనకి కొత్త కాదు. 1952లోనే ప్రణాళికా సంఘంలో దీనికోసం ఒక విభాగం పెట్టారు, ఇప్పుడు నీతి ఆయోగ్‌లో 2015 నుంచి ఇంకోటి ఉంది. శిక్షణకీ హైదరాబాద్‌లో కొదవ లేదు. రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ, జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి సంస్థ, ఖైరతాబాద్ దగ్గర స్టాఫ్ కాలేజీ ఉన్నాయి. లోటు ఎక్కడంటే, ఫైల్ నడిపే అధికారి వేరు, కొలిచేవాడు వేరు. కొలిచేవాడు ఆఖర్న వస్తాడు. ఫైల్ నడిపేవాడికి ఫలితం అంటే టెన్షన్, ఎక్కడ తప్పు పడుతుందోనని. బాగాలేదని తేలితే ఎవరి మీదికి వస్తుంది అని భయం. ఆ భయం పోవాలంటే పై అధికారులు మారాలి, అది నేను వాళ్ల తరగతిలోనూ చెబుతాను. మీ చేతిలో ఉన్నది ఒకటుంది. పథకం విడతలుగా వెళ్లేటప్పుడు ఏ మండలం ముందు అన్న నోట్ పెట్టేది మీరే. మొదటి విడతకి ముందు రెండు రకాల మండలాల్లోనూ పరిస్థితి రాయించగలిగేదీ మీరే. బదిలీ అయిపోతాం కదా అంటారు. నోట్ ఫైల్ బదిలీ కాదు, అక్కడే ఉంటుంది.

అందుకే మీకు పిలుపు పంపినప్పుడే చెప్పాం, మీ శాఖలో ఈ ఏడాది మొదలవబోయే పని ఏదైనా ఒకటి ఫైల్‌తో సహా తెమ్మని. టీ తర్వాత నలుగురేసి కూర్చోండి. ఒక్క పేజీలో రాయండి. ఎవరి బతుకులో ఏం మారాలి? ఎప్పటికి మారాలి? అది మారిందని ఏ ప్రశ్న అడిగితే తెలుస్తుంది? ఎవరితో పోలుస్తాం? ఏం కనిపిస్తే ఈ పథకం ఆపేద్దామంటాం? ఆ చివరి ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోతారు, ఆగినా సరే, ఖాళీగా మాత్రం వదలొద్దు. మొదట వ్యవసాయ శాఖ వాళ్లది చూద్దాం, తర్వాత హౌసింగ్. పదకొండుంపావుకల్లా లోపల ఉండండి.